ఏడో నంబరు నడక

ఆమెను డిపోలో అందరూ విజిలమ్మ అనేవారు. తల్లిదండ్రులు పెట్టిన పేరు వేరే ఉన్నది కాని, అది జీతం పుచ్చుకొనే రోజున తప్ప బయటికి వచ్చేది కాదు. మెడలో నల్లని తాడు, తాడుకు ఇత్తడి విజిలు, చంకలో రాత అట్ట, చూపు ఎప్పుడూ గేటు మీద. తెల్లవారుతూనే బస్సులను ఒక్కొక్కటిగా రోడ్డు మీదికి వదలడం కంట్రోలరుగా ఆమె ఉద్యోగం. వదలడమంటే గేటు తీసి తోలివేయడం కాదు. ముందు వెళ్ళిన బస్సు ఇప్పుడు ఎక్కడ ఉంటుందో, ఏ స్టాపులో ఎంతమంది పోగై ఉంటారో మనసులోనే చూసుకొని, సరిగ్గా అప్పుడే ఊదాలి. రెండు బస్సులు ఒకదాని తోక పట్టుకొని మరొకటి వెళితే, మొదటిది కిక్కిరిసిపోతుంది, రెండోది ఊరంతా ఖాళీగా తిరిగి వస్తుంది. ఆ అప్రతిష్ఠ ఆమె హయాంలో ఎన్నడూ జరగలేదని డిపోలో చెప్పుకొనేవారు. జరిగిన ఒకటి రెండు సందర్భాలను ఆమె ఎదుట చెప్పుకొనేవారు కారు.

విజిలుకు భాష లేదనుకోవడం పొరపాటు. నిడుపుగా ఒక్కటి ఊదితే కదలమని. పొట్టిగా రెండు ఊదితే ఆగమని. ఒక పొట్టి, ఒక పొడుగు కలిపితే ‘వెనక తలుపు తెరిచే ఉంది, చూసుకో’ అని. ఈ గురులఘువుల తేడా గ్రహించని కొత్త డ్రైవరును ఆమె సాయంత్రం దాకా క్షమించేది కాదు. ఆమె నోటిమాటలూ విజిలును పోలినవే, క్రియలన్నీ విధ్యర్థకాలు. పో, ఆగు, తుడువు, మళ్ళీ తుడువు.

అయితే ఆ అధికారానికి ఒక హద్దు ఉన్నది. గేటు లోపల ఉన్నంతవరకే బండి కంట్రోలరుది. గేటు దాటిన మరుక్షణం అది కండక్టరుది. డ్రైవరు ఎంతటి అనుభవజ్ఞుడైనా సరే, వెనక నుంచి “రైట్” అని వినబడందే బండిని కదిలించడు. డిపో పుట్టిననాటి పద్ధతి అది. కొత్తగా చేరినవారికి దాన్ని బోధించేది కూడా విజిలమ్మే.

ఈ విద్యలన్నీ ఆమెకు వదిన పెట్టిన భిక్ష. వదిన పెళ్ళినాటికే కండక్టరు, ఏడో నంబరు బస్సులో. ఎడమ భుజానికి తోలుసంచి తగిలించుకొని, నిలబడిన జనాన్ని దువ్వెనతో పాయ తీసినట్టు చీల్చుకుంటూ ముందుకూ వెనక్కూ తిరిగేది. ఎవరు ఏ స్టాపులో దిగుతారో అడగనక్కరలేకుండా తెలుసు. చదువు మానేసి ఇంట్లో కిటికీ పట్టుకొని కూర్చున్న ఆడపడుచును చెయ్యిపట్టి డిపోకు లాక్కుపోయి, కండక్టరుగా చేర్పించింది ఆమే. ఆడపడుచు ఎదిగి కంట్రోలరు అయింది. వదిన ఏడో నంబరులోనే ఉండిపోయింది. ఇంట్లో మేడ మీది వాటా విజిలమ్మది, కింది వాటా అన్నావదినలది. తెల్లవారుజామున ఇద్దరు ఆడవాళ్ళూ కలిసే బయలుదేరేవారు. గేటు దాకా వదిన ముందు నడిచేది, గేటు దాటాక మరదలు ముందు నడిచేది. ఇది ఎవరూ నేర్పిన మర్యాద కాదు, దానంతట అదే కుదిరింది.

కిందటి ఏడాది వదినకు రొమ్ము క్యాన్సరని తేలింది. ఎడమవైపు. ఆపరేషను జరిగింది, మందులు ఎక్కించారు, జుట్టు పోయింది. పోయిన జుట్టు తిరిగి మొలిచేటప్పుడు ఉంగరాలు తిరిగి మొలిచింది. జబ్బు దారికి వచ్చిందని డాక్టరు చెప్పాడు. సెలవులు ముగియవచ్చాయి. బస్సులో నిలబడి తిరగలేదేమోనని డిపోవారు మంచిమనసుతోనే ఒక ఏర్పాటు చూపించారు. ప్రయాణికుల ప్రశ్నలకు జవాబు చెప్పే కిటికీ వెనక ఒక కుర్చీ.

అన్నయ్య ఆ కుర్చీని చూసి వచ్చి తెగ మెచ్చుకున్నాడు. ఆయన గడియారాలు బాగుచేసే మనిషి. ఏ వస్తువునైనా కదపకుండా ఉంచితే ఎక్కువకాలం మన్నుతుందని ఆయన నమ్మకం.

“మెత్తటి కుర్చీ. నెత్తిమీదే ఫ్యాను. ఇంకేం కావాలే నీకు?” అన్నాడు వంటింటి గుమ్మంలో నిలబడి.

“అంత నచ్చితే మీరే వెళ్ళి కూర్చోండి,” అన్నది వదిన గిన్నెలు తుడుస్తూ.

“నీ మంచికేగా చెప్తున్నా.”

“నాకూ తెలుసండీ. నేను బస్సెక్కగలనో లేదో, అది తెలీట్లేదు. మీరు చెప్తే తేలేది కాదది. డాక్టరు చెప్తే తేలేదీ కాదు.”

అప్పుడే విజిలమ్మ మేడ దిగి వచ్చింది. చేతిలో ఒక రంగు కాగితం. ఆసుపత్రివారు క్యాన్సరు రోగుల సహాయార్థం ఆదివారం ఉదయం పెద్ద నడక ఏర్పాటు చేస్తున్నారు. ఆసుపత్రి గేటు నుంచి క్రీడా మైదానం వరకు. ఊళ్ళోని కార్యాలయాలన్నీ తలా ఒక జట్టును పంపాలి. డిపో జట్టుకు నాయకత్వం వహిస్తానని ఆమె ఎవరినీ అడగకుండానే మాట ఇచ్చి వచ్చింది.

వదిన కాగితాన్ని చేతులు తుడుచుకొని మరీ అందుకున్నది. రెండు సార్లు చదివింది.

“నన్నూ రాసుకో అమ్మాయ్. ఈ గేటు నుంచి ఆ మైదానం దాకా నా కాళ్ళ మీద నేను నడిచానా, మర్నాడు ఏడో నంబరెక్కుతా. మధ్యలో చేతకాక ఏ బండో ఎక్కానా, నోరు మూసుకుని ఆ కుర్చీలో కూర్చుంటా. ఇక ఈ ఇంట్లో దాని గురించి ఎవరూ మాట్లాడకూడదు.”

అన్నయ్య డాక్టరు దగ్గరికి పరుగెత్తాడు. డాక్టరు రెండు వాక్యాలు చెప్పాడు. నడవవచ్చు. అలసట అనిపిస్తే ఆగాలి. మొదటి వాక్యం వదినకు నచ్చింది. దాన్ని వీధి వీధంతా వినిపించింది. రెండోది అంత క్లుప్తంగా లేకపోవడం వల్ల కాబోలు, ఎవరికీ గుర్తులేకపోయింది.

బస్సు మనుషులకు నడక రాదంటే వినడానికి వింతగా ఉంటుంది. డ్రైవరు రోజంతా ఊరు చుట్టివస్తాడు, కూర్చొనే. కండక్టరు రోజంతా నడుస్తాడు, ఒక్క బస్సు పొడవునే. సాయంత్రాలు డిపో ఆవరణలో మొదలుపెట్టిన సాధన చూడటానికి క్యాంటీనువాళ్ళు టీ కాచడం మానేసి వచ్చేవారు. జట్టులో అందరికన్నా పెద్దవాడు గేరు బాబాయి. ఏడో నంబరు డ్రైవరు, వదినతో కలిసి ఏళ్ళ తరబడి ఒకే బస్సు నడిపినవాడు. ఆయన మలుపు వచ్చినప్పుడల్లా ముందు కుడికి బాగా జరిగి, ఆ తరవాతే ఎడమకు తిరిగేవాడు.

“ఏంటి బాబాయ్, అంత వెడల్పు తిరుగుతావ్?” అని కసిరింది విజిలమ్మ.

“వెనక చక్రం అంచు ఎక్కుతుందమ్మా.”

“నీకు వెనక చక్రమెక్కడిది?”

“కండక్టరమ్మ వస్తోందిగా వెనకాల,” అన్నాడు ఆయన, తిరిగి చూడకుండానే.

నాయకురాలి నడక కూడా విమర్శకు అతీతం కాదు. మొదటి రోజున ఆమె అలవాటు చొప్పున ఒక్కొక్కరినీ ఎడం పెట్టి వదిలింది. చివరి మనిషి బయలుదేరేసరికి మొదటి మనిషి తిరిగి వచ్చి చెప్పులు విప్పుకుంటున్నాడు.

“నడకకొచ్చామా, డ్యూటీకొచ్చామా అమ్మాయ్?” అని వదిన పక్క పట్టుకొని నవ్వింది. ఆపరేషను తరవాత అంతగా నవ్వడం అదే మొదలు. విజిలమ్మ నొచ్చుకోలేదు. తప్పు దిద్దుకోవడంలో కూడా ఆమెది ఆజ్ఞాపించే పద్ధతే. “సరే. అందరూ ఒకే బండి. ఎక్స్‌ప్రెస్. ఎక్కడా ఆగేది లేదు. ముందు బాబాయ్, వెనక వదిన, పక్కన నేను.”

ఆదివారం ఉదయం ఆసుపత్రి గేటు ముందు జనం కిటకిటలాడారు. బ్యాంకువారు ఒకే రంగు టోపీలతో వచ్చారు, బడిపిల్లలు బూరలతో వచ్చారు. డిపో జట్టు యూనిఫారంలో వచ్చింది. వదిన తలకు రుమాలు కట్టుకొని, పాత తోలుసంచిని తగిలించుకొని వచ్చింది. అందులో నీళ్ళసీసా తప్ప మరేమీ లేదు.

“సంచెందుకు వదినా, బరువు కదా?”

“లేకపోతే గాలికి పోతానేమో అన్నట్టుంటుంది.”

విజిలమ్మ అప్పుడు గమనించింది. సంచి ఎడమ భుజాన లేదు. కుడి భుజాన ఉన్నది. దాని పట్టీకి కొత్త రంధ్రం పొడిచి, పొడవు తగ్గించి ఉన్నది. ఎప్పుడు మార్చుకున్నదో, ఇంట్లో ఎవరూ లేనప్పుడు అద్దం ముందు ఎన్నిసార్లు తగిలించుకొని చూసుకున్నదో. విజిలమ్మ విజిలు ఊదింది, నిడుపుగా.

మొదట్లో ప్రయాణం జోరుగా సాగింది. డిపో జట్టు బడిపిల్లలను దాటింది, బ్యాంకువారిని దాటింది. “జరగండి, జరగండి, ఎక్స్‌ప్రెస్!” అని వదిన వెనక నుంచి కేకవేస్తే టోపీలు రెండు పాయలుగా చీలిపోయాయి. ఆ రోడ్డంతా ఏడో నంబరు తిరిగే రోడ్డే. ఏ చోట గుంట ఉందో బాబాయి పాదాలకు తెలుసు. నాయకురాలు గర్వంతో నిటారుగా నడిచింది. గడియారం కూడలి వచ్చింది. నడకదారి అక్కడ తిన్నగా పోవాలి. ఆ సంగతి రంగు కాగితంలో ఉన్నది, రోడ్డు మీద సున్నంతో గీసిన బాణంలోనూ ఉన్నది.

బాబాయి కుడికి కొంచెం జరిగి, చెయ్యి చాచి, ఎడమకు తిరిగాడు.

ఆయన వెనక జట్టంతా ఎడమకు తిరిగింది. వదిన తిరిగింది. విజిలమ్మ కూడా తిరిగింది. ఏళ్ళ తరబడి ఏడో నంబరు ఆ కూడలిలో ఎడమకే తిరుగుతున్నది మరి. పాదాలకు ఆ సంగతి ఎంతగా అలవాటంటే, తలను సంప్రదించే అవసరమే వాటికి తోచలేదు. విచిత్రమేమిటంటే, పెద్ద రోడ్డు మూస్తారు కనుక ఆ పూట ఏడో నంబరును మిల్లు వెనక రోడ్డుకు మళ్ళించినది సాక్షాత్తు విజిలమ్మే. బస్సు తిరగకూడదని స్వయంగా ఆజ్ఞాపించిన మలుపును ఆమె స్వయంగా తిరిగింది. కూడలిలోని కార్యకర్తలు ఆ యూనిఫారాలను చూసి, డ్యూటీకి పోతున్నారు కాబోలని పక్కకు తప్పుకున్నారు.

అక్కడి నుంచి రోడ్డు పల్లానికి జారుతుంది. పల్లంలో ఎవరికీ అనుమానం రాదు. మూడో స్టాపు దగ్గర బాబాయి అలవాటుగా పక్కకు తీసి నిలబడ్డాడు. బెంచీ మీది జనం సంచులు సర్దుకుంటూ లేచారు. వారిలో ఒక ముసలమ్మ వీరిని ఎగాదిగా చూసి అడిగింది:

“డ్రైవరొచ్చాడు, కండక్టరమ్మొచ్చింది. బస్సేదీ?”

విజిలమ్మ వెనక్కు తిరిగి, తాము దిగివచ్చిన పల్లాన్ని చూసింది. ఇప్పుడది ఎత్తు.

“నాదే తప్పమ్మా,” అన్నాడు బాబాయి. “కాళ్ళు తిరిగేశాయి.”

“నా కాళ్ళకేమైంది మరి?” అన్నది ఆమె.

వదిన బెంచీ మీద కూలబడింది. పెదవులు పాలిపోయాయి. మోకాళ్ళు వణుకుతుంటే వాటి మీద సంచి పెట్టుకొని కప్పుకున్నది. అదే సమయానికి పక్కసందులో నుంచి అన్నయ్య స్కూటరు మీద ప్రత్యక్షమయ్యాడు. స్కూటరు వెనక మడతకుర్చీ ఒకటి తాడుతో కట్టి ఉన్నది. ఉదయం నుంచీ సందులు పట్టుకొని జట్టు వెంటే తిరుగుతున్నాడట.

“నాకు తెలుసు, ఇలాగే అవుతుందని. ఎక్కు. ఇంటికెళ్దాం.”

వదిన స్కూటరు వంక చూడలేదు, కుర్చీ వంక చూసింది. చూసి తల దించుకున్నది.

విజిలమ్మ ఆమె ముందు మోకాళ్ళ మీద కూర్చున్నది. “వదినా, దారి తప్పించింది నేను. ఈ పందెం లెక్కలోకి రాదు. కొట్టేద్దాం. ఇంకోసారి నడుద్దువుగాని.”

“పందెం నాది. కొట్టెయ్యడానికి నువ్వెవరే?” వదిన గొంతు సన్నగా ఉన్నది కాని తెగువగానే ఉన్నది. “కాసేపు ఊపిరి తీసుకోనీ. తరవాత చెప్తా, బస్సో కుర్చీయో.”

ముసలమ్మకు ఈ సంసారపు గొడవ పట్టలేదు. “కండక్టరమ్మా, ఏడో నంబరు వస్తుందా రాదా? ఆ ముక్క చెప్పు ముందు.”

“రాదమ్మా. ఈ పూట మిల్లు వెనక నుంచి పోతోంది. ఆ సందులోంచి వెళ్తే అవతలి స్టాపులో దొరుకుతుంది. స్తంభానికి కాగితం కట్టారుగా, చూడలేదూ?”

“కాగితాలెవరు చూస్తారు? నువ్వు చెప్పాలిగాని. ఇన్నాళ్ళూ ఎక్కడికి పోయావసలు? కొత్తవాడు నన్ను ప్రతిసారీ అడుగుతాడు, ఎక్కడ దిగుతావ్ అని!”

“మిల్లు క్వార్టర్ల దగ్గర. రెండో గేటు. దిగేటప్పుడు కర్ర మర్చిపోతావ్.”

“అదీ!” అన్నది ముసలమ్మ, చుట్టూ ఉన్నవారికి ఋజువు చూపించినట్టు.

మరొకాయన అడిగాడు. ఇంకొక అమ్మాయి అడిగింది. వదిన కూర్చున్నచోటు నుంచే ఒక్కొక్కరికీ దారి చెప్పి పంపింది. చెబుతున్న కొద్దీ వీపు నిలబడింది, గొంతు తేరుకున్నది, పెదవులకు రంగు వచ్చింది. స్టాపు ఖాళీ అయ్యేసరికి ఆమె మోకాళ్ళ మీద సంచి లేదు. మళ్ళీ భుజాన ఉన్నది.

విజిలమ్మ ఇదంతా చూస్తూ ఉన్నది. వదిన జీవితంలో ఎన్నడూ ఆగకుండా నడవలేదు. ఏ కండక్టరూ నడవడు. స్టాపు నుంచి స్టాపుకు నడుస్తాడు. ఎక్స్‌ప్రెస్ అని శాసించినదెవరు? తాను. గేటు దాటి ఇంతసేపయినా బండిని చేతిలో పట్టుకొని కూర్చున్నదెవరు? అదీ తానే. కొత్తవారికి మొట్టమొదట నేర్పే పాఠాన్ని తానే మరిచిపోయింది.

ఆమె మెడలోని తాడు తీసి, విజిలును వదిన చేతిలో పెట్టింది.

“ఏంటిది?”

“గేటు దాటాక బండి కండక్టరుది. ఎక్స్‌ప్రెస్ రద్దు. ఇది ఆర్డినరీ సర్వీసు. స్టాపు స్టాపుకీ ఆగుతుంది. ఎంతసేపు ఆగాలో నువ్వే చెప్పు, ఎప్పుడు కదలాలో నువ్వే చెప్పు.”

“ఆగి ఆగి నడిస్తే అదో నడకా?”

“ఇన్నేళ్ళూ ఏడో నంబరు ఆగి ఆగేగా నడిచింది? అది ఊరు చేరలేదని ఎవరన్నా అన్నారా వదినా?”

వదిన విజిలును అటూ ఇటూ తిప్పి, యూనిఫారం అంచుతో తుడిచి, తిరిగి మరదలి మెడలోనే వేసింది. “దీంతో నాకు పనిలేదు. నాకు నోరుంది.” లేచి నిలబడి, జట్టు వెనక్కి వెళ్ళి, అందరూ ఉన్నారో లేదో కలయజూసి, “రైట్!” అన్నది.

బాబాయి కదిలాడు.

“నువ్వు రావట్లేదా?” అని అన్నయ్య చెల్లెలిని అడిగాడు.

“నాకు వేరే పనుంది. నన్ను మైదానం దగ్గర దింపు. కుర్చీ అటు జరుపు.”

నడవవలసిన పందెం వదినది, తనది కాదు. అడ్డదారిన స్కూటరు మీద మైదానం చేరేసరికి ఆమె అనుమానించినట్టే అయింది. నడిచినవారంతా ఇళ్ళకు పోయారు. గుడ్డతో కట్టిన స్వాగతద్వారాన్ని ఇద్దరు మనుషులు విప్పుతున్నారు.

“ఆపండి,” అన్నది విజిలమ్మ. “మా బండి రావాలి.”

“అయిపోయిందండీ. అందరూ వచ్చేశారు.”

“మా వాళ్ళు దారిలో ఉన్నారు. ఆఖరి బస్సు రాకుండా స్టాండు మూస్తారా ఎక్కడైనా? ఆ తాడు కట్టు. ఇంకా గట్టిగా కట్టు.”

వారు ఎందుకు కట్టారో వారికే తెలియదు. ఆమె విధ్యర్థకానికి అలవాటుపడనివారు కూడా సాధారణంగా లోబడేవారు. ఆమె ద్వారం పక్కన తన జీవితమంతా నిలబడినట్టే నిలబడింది, చూపు రోడ్డు మీద. వదిలిన బస్సు ఎక్కడ ఉంటుందో మనసులో చూసుకోవడం ఆమెకు తెలిసిన విద్యే కదా. ఇప్పుడు ఎత్తు మీది స్టాపు. వదిన కూర్చొని ఉంటుంది. ఇప్పుడు కూడలి. ఇప్పుడు నీళ్ళు తాగి ఉంటుంది. ఒక చోట మాత్రం లెక్క తప్పింది. వస్తారనుకున్న వేళకు మలుపులో ఎవరూ లేరు. అన్నయ్య కుర్చీ తాడును ముడివేస్తూ, విప్పుతూ ఉన్నాడు. “వెళ్ళి చూసొస్తానే,” అన్నాడు. “ఆగు,” అన్నది ఆమె. జీవితంలో అన్నిటికన్నా కష్టపడి పలికిన విధ్యర్థకం అదే అయి ఉండాలి.

అంతలో వినబడింది. మనిషి కనబడక ముందే గొంతు.

“రై... ట్!”

మలుపులో మొదట బాబాయి కనిపించాడు, కుడికి బాగా జరిగి, తీరుబడిగా ఎడమకు తిరుగుతూ. వెనక జట్టు. చిట్టచివర వదిన, కుడి భుజాన సంచి, రుమాలు జారి మెడలో పడి, ఉంగరాల జుట్టంతా చెమటకు అంటుకొని. నడుస్తున్నది. చాలా నెమ్మదిగా, కాని తన కాళ్ళ మీద తానే. ద్వారం ముందు “హోల్డాన్!” అని జట్టును ఆపి, ఒక్కొక్కరినీ లోపలికి దాటించి, ఎవరూ మిగిలిపోలేదని వెనక్కి తిరిగి చూసుకొని, అప్పుడు తాను దాటింది.

“ఆలస్యమైందేం?” అన్నది విజిలమ్మ. మాట మాత్రం డిపో మాటే.

“కూడలి దగ్గర ఒకావిడకు దారి చెప్పాల్సొచ్చింది,” అన్నది వదిన. “రాసుకో కావాలంటే.”

అన్నయ్య మడతకుర్చీ విప్పి, దుమ్ము దులిపి తెచ్చి పెట్టాడు. వదిన దాన్ని చూసి నవ్వింది. “బాబాయ్, మీరు కూర్చోండి. కాళ్ళు వాచాయి మీకు.” గేరు బాబాయి కూర్చొని, తెలియకుండానే రెండు చేతులూ చక్రం పట్టుకున్నట్టు ముందుకు పెట్టాడు. వదిన గట్టు మీద కూర్చొని చెప్పులు విప్పుకున్నది. అన్నయ్య వంగి ఆ చెప్పులను సరిగ్గా జతచేసి పెట్టాడు.

“రేపు ఏ బండి నాకు?” అని వదిన అడిగింది.

“ఏడో నంబరు. మొదటి ట్రిప్పు.” విజిలమ్మ తడుముకోలేదు.

“డ్రైవరు?”

కుర్చీలో నుంచి బాబాయి చెయ్యి ఎత్తాడు. ఎత్తిన చేతిని దించకుండా, భయభక్తులతో కంట్రోలరు వంక చూశాడు.

“రేపు కూడలి దగ్గర తిన్నగా పోవాలా అమ్మా, ఎడమకు తిరగాలా?”

“ఎడమకే తిరుగు బాబాయ్,” అన్నది విజిలమ్మ. ఆ పైన వదిన వంక చూసి, “కండక్టరు రైటంటేనే,” అన్నది.